సగం అక్షరం రూపాయి

ఆ నెలంతా నేను ఒక చోట కుదురుగా కూర్చున్నట్టు గుర్తు లేదు. టైం ఆఫీసులో షిఫ్టు హాజరు ఎక్కిస్తూ మధ్యలో ఫోన్ తీసి చూసేదాన్ని. అన్నం తింటూ చూసేదాన్ని. ఆదివారం చర్చిలో పాస్టరుగారు వాక్యం చెబుతుంటే బైబిల్ చాటున పెట్టుకుని చూశాను. పక్కన కూర్చున్న మా ఆడబిడ్డ మోచేత్తో పొడిస్తే గాని ఆపలేదు.

చూసేది ఎప్పుడూ ఒకటే ఫోటో. గట్టి ప్లాస్టిక్ డబ్బీలో సీలు వేసి పెట్టిన నిజాం కాలపు వెండి రూపాయి. దాని మీద చార్మినార్ బొమ్మ. ఆ బొమ్మలో నడిమి కమాను కింద చిన్న ఉర్దూ అక్షరం ఒకటి ఉంటుంది. చివరి నిజాం పేరులో మొదటి అక్షరం అది. ఆయన గద్దెనెక్కిన కొత్తలో కొట్టిన రూపాయల మీద ఆ అక్షరం సగమే కనిపిస్తుంది. తర్వాత తర్వాత పూర్తిగా చెక్కారు. పూర్తి అక్షరం రూపాయలు ఎక్కడైనా దొరుకుతాయి, నా దగ్గరా కొన్ని ఉన్నాయి. సగం అక్షరానిదే లేదు.

మా ఆయన ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో డంపర్ నడుపుతాడు. నేను అదే గని ఆఫీసులో క్లర్కుని. ఇద్దరి జీతాలూ దేనికి పోవాలో దానికి పోతాయి. దసరా ముందు కంపెనీ ఇచ్చే లాభాల వాటాలోంచి మాత్రం నా ముచ్చటకని కొంత పక్కన పెట్టుకుంటాను. ఆ ఏడాది అది పన్నెండు వేలు. ఫోటోలోని రూపాయికి అమ్మేవాడు చెప్పిన ధర సరిగ్గా ఆ పన్నెండు వేలనూ ఊడ్చేసేటంత ఉంది.

"స్లాబు కొంట అంటున్నవేందే? క్వార్టర్ కంపెనీది. దానికి స్లాబు మనమెందుకు పోస్తం?" అన్నాడు మా ఆయన, నేను ఫోన్‌లో అమ్మేవాడితో మాట్లాడటం విని.

నవ్వొచ్చింది. నాణేలు దాచుకునేవాళ్ళ భాషలో స్లాబు అంటే ఆ డబ్బీ. మన దగ్గరున్న నాణెం పంపిస్తే అది అసలుదో నకిలీదో పరీక్ష చేసి, ఎంత అరిగిందో చూసి, డెబ్బైకి ఇన్ని మార్కులని వేసి, డబ్బీలో పెట్టి సీలు చేసే కంపెనీలు ఉన్నాయి. డబ్బీ తెరవాలంటే పగలగొట్టాల్సిందే. అట్లా సీలు లేకుండా చేతులు మారే నాణేన్ని మావాళ్ళు రా అంటారు, అంటే పచ్చిది. పచ్చి నాణెం ధర తక్కువ. స్లాబు ధరకి అలాంటివి మూడో నాలుగో వస్తాయి. కాని అది అసలుదా కాదా అన్నది మన కన్ను చెప్పాలి.

నా కన్ను మీద నాకు నమ్మకం లేదు. అదీ బాధ.

ఈ పిచ్చి నాకు మేముండే ఖనిలోని చౌరస్తాలో పట్టుకుంది. గోనెపట్టా పరిచి పాత తాళాలు, తుప్పు పట్టిన పానాలు, సైకిల్ గంటలు అమ్మే ముసలాయన దగ్గర ఒక చిల్లు కాణీ కొన్నాను. మధ్యలో బెజ్జం ఉంది కదా, చెవులకు బాగుంటుందని. ఇంటికొచ్చి చింతపండు పెట్టి తోమాను. తళతళలాడింది. దాని సంగతేమిటో తెలుసుకుందామని ఫోన్‌లో వెతికితే, మొట్టమొదట కనిపించిన మాట, పాత నాణేన్ని ఎప్పుడూ తోమకూడదని. తోమితే దాని విలువ పోయినట్టేనట. ఆ రోజే ఒక పాఠం అయింది. తర్వాత కమ్మలు చేయించలేదు గాని, ప్రతి వారం ఆ గోనెపట్టా దగ్గర ఆగడం మాత్రం మానలేదు.

రెండేళ్ళ కింద హైదరాబాద్‌లో నాణేల మేళా పెట్టారని విని మా ఆయనను వెంటబెట్టుకుని పోయాను. ఒక ఫంక్షన్ హాలు నిండా టేబుళ్ళు. ఒక టేబుల్ మీద సగం అక్షరం రూపాయి కనిపించింది. పచ్చిది. అమ్మేవాడు మంచిగా మాట్లాడాడు. "అక్కా, మీరు అడిగిన్రని ఇస్తున్న, వేరేవాళ్ళకైతే ఇయ్యను" అన్నాడు. ఉన్న డబ్బంతా ఇచ్చి కొన్నాను. బస్సులో వచ్చేటప్పుడు పర్సు ఒళ్ళోనే పట్టుకుని కూర్చున్నాను.

మర్నాడు తెలిసిన కంసాలి దుకాణంలో తూకం వేయిస్తే దాదాపు గ్రాము తక్కువ తూగింది. ఆయన దాన్ని అరచేతిలో తిప్పి, అంచు మీద గోటితో గీసి చూపించాడు. అంచు చుట్టూ సన్నటి గీత ఉంది, అచ్చులో పోసినట్టు. అసలు రూపాయిని అట్లా పోయరు, కొడతారు. అమ్మినవాడి ఫోన్ అప్పటికే స్విచ్ ఆఫ్.

"పోనియ్యి తియ్యి. హైదరాబాద్ల బిర్యానీ అయితే తిన్నం కద" అని మా ఆయన ఊరడించబోయాడు. నాకు ఆ డబ్బు పోయినందుకు కాదు ఏడుపు వచ్చింది. నేను దాన్ని భూతద్దం పెట్టి చూశాను. పది సార్లు తిప్పి చూశాను. నా కళ్ళకు అది అసలుదిగానే కనిపించింది. అంటే నా కళ్ళు నాకే అబద్ధం చెప్పాయి. ఆ తర్వాత గోనెపట్టా మీద మామూలు పైసా చూసినా చెయ్యి వెనక్కి వచ్చేది.

అందుకే స్లాబు మీదికి మనసు పోయింది. నాణేల సంగతి తెలిసినవాళ్ళెవరో చూసి, సరే అని సీలు వేసి ఇస్తే ఇక భయం ఉండదు కదా అనుకున్నాను.

ఈ మాట రామకృష్ణాపూర్‌లో ఉండే సార్‌కు చెప్పాను. ఆయన రిటైరైన హెడ్‌మాస్టర్. నాణేల గ్రూపులో పరిచయమయ్యాడు. నెలకోసారి వాళ్ళింటికి పోయి ఆల్బంలు చూసి, వాళ్ళావిడ పోసిన చాయ్ తాగి వస్తుంటాను. స్లాబు మాట ఎత్తగానే సార్ ముఖం చిట్లించాడు.

"మార్కులు చూసి కొంటవా అమ్మా? నేను ముప్పై ఏండ్లు మార్కులు ఏసిన. వాటి సంగతి నాకు తెల్సు. డబ్బీల పెట్టినంక ఇంక అది నాణెమెట్లయితది? చేతిల పట్టుకోవద్దు, అంచు చూడొద్దు, చప్పుడు వినొద్దు. ఫోటో కొనుక్కున్నట్టే."

"మరి నన్ను మోసం చేసిన్రు కద సార్."

"ఒక్కసారి మోసపోయినవ్. నేను ఎన్నిసార్లు పోయిననో తెల్సా? కన్ను గట్లనే వస్తది."

"నాకు అన్నిసార్లు మోసపోయేటంత పైసల్లేవు సార్."

సార్ చాయ్ కప్పు పక్కన పెట్టి, "ఇంకో సంగతి చెప్త విను" అన్నాడు. "వెండి రేటు చూస్తున్నవా? మంచిర్యాలల కంసాలోళ్ళు నిజాం రూపాలు కుప్పలు కుప్పలు కరగబెడుతున్నరు. పల్లెలల్ల అవ్వల మెడల దండలు, మొలతాళ్ళకున్న బిళ్ళలు, అన్నీ వస్తున్నయి. ఏ రూపాయి ఏ ఏడాదిదో ఎవ్వలు చూస్తలేరు. మూసల ఎయ్యుడే. నువ్వేమో ఫోన్ల ఫోటో చూసుకుంట కూసున్నవ్."

అది విన్నప్పటినుంచి నాకు నిద్ర లేదు. వెండి ధర పెరిగిందని పేపర్లో చదివాను గాని, దానికీ నా రూపాయలకూ ఉన్న సంబంధం అప్పటిదాకా తట్టలేదు. ఎక్కడో ఒక సగం అక్షరం రూపాయి ఇప్పుడే ఈ క్షణాన కరుగుతోందేమో అనిపించేది. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగ్ జరిగి ఆఫీసు కిటికీలు దడదడమంటే కూడా ఉలిక్కిపడేదాన్ని. పదిహేనేళ్ళుగా వింటున్న చప్పుడు అది.

సార్ చెప్పిన దుకాణం పేరు పట్టుకుని ఒక సాయంత్రం డ్యూటీ దిగి మంచిర్యాల బస్సెక్కాను. గోదావరి వంతెన మీద లారీలు ఆగిపోయి బస్సు కదల్లేదు. కింద నీళ్ళు, ఇసుక మేటలు. నేను కిటికీలోంచి తల బయటపెట్టి, ఎప్పుడు కదులుతుందా అని ముందుకే చూస్తున్నాను. నా పక్కన కూరగాయల గంపతో కూర్చున్నామె "దవాఖానకా బిడ్డా? ఎవరికి బాగలేదు?" అని అడిగింది. నా ముఖం అట్లా ఉందన్నమాట.

దుకాణం మార్కెట్ సందులో. ముందర చిన్న అద్దాల బల్ల, వెనక కొలిమి. కంసాలి నడివయసువాడు, చేతులకు మసి. నేను వచ్చిన పని చెప్తే ఒక స్టీలు పళ్ళెం ముందుకు తోశాడు. దాన్నిండా రూపాయలు.

"చూసుకోండి మేడం. ఏది కావాలన్నా ఇయ్యాల్టి వెండి రేటుకే తీసుకపోండి. నాకు ఎవలకిచ్చినా ఒకటే."

భూతద్దం తీసి చూడటం మొదలుపెట్టాను. చాలావాటి మీద చార్మినార్ అరిగి నున్నగా అయిపోయింది. కొన్నింటికి బెజ్జాలు. కొన్నింటికి దారం ఎక్కించడానికి పైన అతికిన చిన్న కొండీలు. కొన్నింటిని ఎవరో బ్రష్షు పెట్టి తోమేశారు. బాగున్నవి రెండు మూడు కనిపించాయి. అన్నీ పూర్తి అక్షరానివే. ఒకదాని మీద అక్షరం దగ్గర కొంచెం అనుమానం వచ్చింది. సగమా, అరిగి సగంలా కనిపిస్తోందా? దాన్ని చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. తీసుకుందామా? అరిగినదైతే? స్లాబుకు డబ్బు తక్కువ పడుతుంది కదా? చివరికి దాన్ని పళ్ళెంలోనే పెట్టి, "రేపు వస్త సేటు" అన్నాను.

మర్నాడు ఫోన్ చేస్తే, "అవి పొద్దుగాలనే కరగబెట్టిన మేడం. రేటు దిగేటట్టున్నది, ఆగలేను" అన్నాడు.

ఆ రోజు ఆఫీసులో ఒకాయన హాజరు ఇంకొకాయన పేరు మీద వేశాను. ఆయన పరుగెత్తుకుంటూ వచ్చి, "మేడం, నేను డ్యూటీ చేసి చచ్చిన, నన్ను గైర్హాజరు చేసిన్రు" అని అరిచాడు. వెంటనే దిద్దాను. ఇంటికి వచ్చాక మా ఆయన నన్ను కాసేపు చూసి, "కొనేదుంటే కొను. లేకుంటే ఇడిసిపెట్టు. గిట్ల నడిమిట్ల ఉండకు, పిచ్చిలేస్తది. నీకూ, నాకూ" అన్నాడు. అందులో కోపం లేదు. అలసట ఉంది.

స్లాబు అమ్మేవాడికి ఫోన్ చేశాను. "ఆదివారం దాకా ఆగుత మేడం. అడిగేటోళ్ళు ఇంకో ఇద్దరున్నరు" అన్నాడు. సరే, ఆదివారం డబ్బు పంపిద్దామని నిశ్చయించుకున్నాను. మనసు కొంచెం కుదుటపడినట్టే అయింది.

శనివారం పొద్దున మళ్ళీ మంచిర్యాల బస్సులో ఉన్నాను. సెలవు పెట్టాను. ఎందుకు పోతున్నానో అడిగితే చెప్పలేను. ఊరికే చూసి వద్దామనుకున్నాను. ఒక్కసారి చూసి వచ్చేస్తే, ఇక రేపు నిశ్చింతగా స్లాబు కొనుక్కోవచ్చని.

దుకాణంలో నా కంటే ముందే ఒక అవ్వ, ఆమె కోడలు కూర్చుని ఉన్నారు. అవ్వ బక్కగా, నిటారుగా ఉంది. ఒళ్ళో పాత గుడ్డ మూట. కోడలు బేరం చేస్తోంది. మాటల్లో తెలిసింది, వాళ్ళది కమాన్‌పూర్ దగ్గర పల్లె. ఊరు ఓపెన్‌కాస్టు కింద పోతోంది. కొత్త కాలనీలో ఇల్లు కట్టుకుంటున్నారు. గోడలు లేచాయి గాని తలుపులు, కిటికీలు కావాలి.

అవ్వ మూట విప్పింది. నల్లదారానికి గుచ్చిన రూపాయల దండ. ఒక్కో రూపాయికీ పైన కొండి. కంసాలి దాన్ని అట్లాగే తక్కెడలో వేయబోయాడు.

"సేటు, ఒక్క నిమిషం చూడనియ్యి" అన్నాను.

"చూడండి. అవ్వా, ఈ మేడం రూపాలు కొంటది."

అవ్వ నన్ను కిందనుంచి మీదికి చూసింది. "కొని ఏం జేస్తది?"

"దాసుకుంటదట."

"దాసుకునేటందుకు మాకే సోటు లేక అమ్ముతుంటిమి" అంది అవ్వ. కోడలు నవ్వింది.

నేను దండను అరచేతిలో పరుచుకుని ఒక్కొక్కటి చూశాను. పూర్తి అక్షరం. పూర్తి అక్షరం. అరిగిపోయింది. పూర్తి అక్షరం. దండ నడిమి బిళ్ళ దగ్గర నా చెయ్యి ఆగింది. కమాను కింద అక్షరం స్పష్టంగా ఉంది. అరగలేదు. చార్మినార్ మీద సన్నగీతలు కూడా నిలిచే ఉన్నాయి. అక్షరం మాత్రం సగమే. ఇది అరుగుదల కాదు, చెక్కడమే అంత. అంచు చూశాను. గీత లేదు. వేలితో తట్టి విన్నాను. భూతద్దం జేబులో పెట్టుకున్నాను, ఇక దానితో పని లేదనిపించి. మేళా తర్వాత నా కన్ను మీద పోయిన నమ్మకం ఇప్పుడు ఒక్క చూపుకే తిరిగి వచ్చింది.

కొండి ఉంది. ఏ కంపెనీకి పంపినా దీనికి మార్కులు వేయరు, దెబ్బతిన్నదని రాసి డబ్బీలో పెడతారు. అది నాకు తెలుసు. అయినా దండను చేతిలోంచి కింద పెట్టలేదు.

నోరు మూసుకుని ఉంటే కంసాలి దండ మొత్తం తూకానికి కొంటాడు. అందులోంచి ఆ ఒక్కటి నాకు వెండి ధరకే ఇస్తాడు. అవ్వ ఎదురుగా కూర్చుని నా ముఖమే చూస్తోంది. ఆమె కళ్ళు చాలా చురుకైనవి.

"గా బిళ్ళల ఏమున్నది? గంతసేపు జూత్తున్నవ్?" అంది.

ఎందుకు చెప్పానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. మేళాలో తియ్యగా మాట్లాడినవాడి ముఖం గుర్తొచ్చిన మాట నిజం. "అవ్వా, ఇది తక్కువ దొరికే రూపాయి. వెండి రేటు కంటే దీనికి ఎక్కువొస్తది" అన్నాను.

కంసాలి తక్కెడ కింద పెట్టాడు.

"ఎంత ఎక్కువ?" అంది కోడలు.

"కొండి ఉన్నది కాబట్టి మరీ ఎక్కువ రాదు. అయినా రెండింతలకు తక్కువ ఉండదు. ఎవలన్న మంచిగ అడిగితే ఇంకా రావొచ్చు."

"అయితే నువ్వే ఇయ్యరాదు?"

"ఇస్త" అన్నాను వెంటనే.

అవ్వ చెయ్యి చాచింది. దండ తీసుకుని, దారం పంటితో కొరికి, ఆ ఒక్క బిళ్ళనూ విడదీసింది. నాకు ఇస్తుందనుకున్నాను. నడుముకు దోపుకున్న వక్కాకు సంచి తీసి, దాన్ని అందులో వేసి, తాడు బిగించింది.

"గంత ఇలువుంటే నేనెందుకు అమ్ముత? ఉండనియ్యి. మిగిలినయి తూకమెయ్యి సేటు."

"అవ్వా, నేను ఇస్తనంటున్న కద" అన్నాను.

"ఇస్తవు తియ్యి. ఇయ్యాల కాకుంటే రేపిస్తవు. అది ఏడికి పోతది?"

కంసాలి నా వైపు చూశాడు. "మేడం, మీరు మంచోళ్ళే గాని నా బేరం చెడగొట్టిన్రు. మీదీ చెడగొట్టుకున్నరు" అన్నాడు.

మిగిలిన రూపాయలు తూగాయి. డబ్బు కోడలి చేతికి పోయింది. అవ్వ లేచి, గుమ్మం దగ్గర ఆగి, "బిడ్డా, నీ ఫోన్ నంబరియ్యి" అంది. కోడలు తన ఫోన్‌లో ఎక్కించుకుంది. వాళ్ళు వెళ్ళారు.

కంసాలి రూపాయల కొండీలు పటకారుతో విరగ్గొట్టి, ఒక్కొక్కటే మూసలో వేయడం మొదలుపెట్టాడు. పొద్దున్నే వచ్చి, సగం అక్షరాన్ని చేతిలో పట్టుకుని, పోగొట్టుకుని, ఇప్పుడు ఇది చూస్తూ నిలబడటం నావల్ల కాలేదు. "ఆగు సేటు" అని పటకారు కిందినుంచి రెండు లాగేశాను. ఏ ఏడాదివో కూడా చూడలేదు. "వెండి రేటు తీసుకో" అన్నాను.

"తోమి ఇయ్యమంటరా? మెరుస్తయి."

"వద్దు!" అని గట్టిగా అరిచాను. పక్క దుకాణంవాడు తొంగి చూశాడు.

బస్సులో కూర్చున్నాక గాని అర్థం కాలేదు. ఆ రెంటికీ ఇచ్చాక నా దగ్గర స్లాబుకు సరిపడా డబ్బు లేదు. కొనాలా వద్దా అని నెలంతా కొట్టుకున్నాను. తీరా అయిపోయింది ఇట్లా. ఆదివారం అమ్మేవాడికి ఫోన్ చేసి వద్దని చెప్పాను. "మంచిది మేడం, ఇంకొకరు రెడీగ ఉన్నరు" అన్నాడు. పెట్టేశాక ఆ ఫోటో ఇంకోసారి తెరిచి చూశాను. దాని మీద అమ్ముడైందని అప్పటికే వచ్చేసింది.

తెచ్చిన రెండూ మామూలువే. సార్ చూసి, "ఈ ఏడాదియి నీ దగ్గర ఇదివరకే ఉన్నయి కదమ్మా" అన్నాడు. అవ్వ సంగతి చెప్తే తల పట్టుకున్నాడు. "చెప్పుడెందుకు? కొన్నంక చెప్పి, పైన ఇంకింత ఇస్తే సరిపోయేది కద?" అన్నాడు. అది నాకు ఆ రోజు తట్టనే లేదు. ఎంత తేలికైన దారి! దాని గురించి ఆలోచిస్తూ ఇంకో వారం నిద్ర పాడుచేసుకున్నాను.

తర్వాత చలికాలం వచ్చింది. క్రిస్మస్ పనుల్లో కొంచెం మరిచిపోయాను. చర్చికి నక్షత్రం కట్టేరోజు, నిచ్చెన పట్టుకుని నిలబడి ఉండగా ఫోన్ మోగింది. అవతల అవ్వ కోడలు.

"అక్కా, మా అత్త మాట్లాడుతదట."

అవ్వ గొంతు ఫోన్ పగిలేటట్టు వినిపించింది. "ఓ బిడ్డా! కరీంనగర్ నుంచి ఒకడొచ్చిండు. బిళ్ళకు మూడు వేలిస్త అంటున్నడు. నిజమేనా, మోసమా?"

"మోసం కాదు అవ్వా. కాని ఇంకా ఎక్కువకు అడుగు."

"నువ్వెంతిస్తవు?"

నిచ్చెన మీదున్నవాళ్ళు "అక్కా, పట్టుకో!" అని అరుస్తున్నారు. నేను ఒక చేత్తోనే నిచ్చెన పట్టుకుని ఉన్నాను. "నేనే వస్త అవ్వా. ఎవ్వలకియ్యకు" అన్నాను.

ఆ వచ్చే ఆదివారం మా ఆయన బండి మీద తీసుకుపోయాడు. కొత్త కాలనీ ఎర్రమట్టి మీద గళ్ళు గళ్ళుగా ఉంది. చెట్లు ఇంకా మోకాలెత్తే. అవ్వవాళ్ళ ఇంటికి తలుపులు వచ్చాయి, టేకువి, ఇంకా రంగు వేయలేదు. అవ్వ అరుగు మీద కూర్చుని, మమ్మల్ని చూసి, "అగో, బిళ్ళల పిల్ల వచ్చింది" అంది.

రూపాయి వక్కాకు సంచిలోంచి బయటికి వచ్చింది. సున్నం మరక పడి ఉంది. నా ప్రాణం ఉసూరుమంది. అయినా అక్షరం అట్లాగే ఉంది.

బేరం మధ్యాహ్నం దాకా సాగింది. నేను చెప్పిన మాటలే అవ్వ నాకు తిప్పి చెప్పింది. "తక్కువ దొరుకుతదన్నవు గద? నువ్వే అన్నవు." కొండి ఉందని నేనంటే, "కొండి లేకుంటే మెడల ఎట్లేసుకుంటం?" అంది. మా ఆయన గోడకు ఆనుకుని నవ్వు ఆపుకుంటున్నాడు. కోడలు అన్నం తినమంది. తిన్నాం. తిన్నాక మళ్ళీ మొదలైంది. చివరికి నా దగ్గర మిగిలిందంతా, ఆ నెల జీతంలోంచి కొంతా కలిపితే గాని తెగలేదు. అవ్వ నోట్లు కోడలికి ఇచ్చి చూడమంది. తర్వాత రూపాయిని నా అరచేతిలో పెట్టి, వేళ్ళు తనే మూసింది.

"మా అవ్వది గిది. నా పెండ్లప్పుడు ఏసింది. మంచిగ సూసుకో. అమ్ముకున్నవా, నాకు గిట్ల తెలిసిందా..." అని వేలు ఆడించింది. పూర్తి చేయలేదు.

సార్ ధర విని, "స్లాబుకు కావలసినంత పెట్టి కొండి ఉన్నది కొన్నవా?" అన్నాడు. తర్వాత తెచ్చి చూపించమన్నాడు. చూసి, "అసలుదే. బాగున్నది" అన్నాడు. ఇంకోసారి తిప్పి చూశాడు. "కొండి తీయించకు. తీస్తే మచ్చ పడతది." దీన్ని డబ్బీలో పెట్టించనా సార్ అని అడిగాను. ఆ మాట నా నోట్లోంచి ఎట్లా వచ్చిందో తెలియదు. సార్ నవ్వలేదు. "నీకు ఇంకా అనుమానమున్నదా?" అన్నాడు. లేదన్నాను. నిజంగానే లేదు. అయినా, ఎవరో ఒకరు చూసి మార్కులు వేస్తే ఎన్ని వేస్తారో అని మాత్రం ఉంది. ఆ కోరిక ఎందుకో పోలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో రూపాయిని గుడ్డ మీద పెట్టుకుని కూర్చుంటే మా ఆయన వచ్చి పక్కన కూర్చున్నాడు. నేను వారించేలోపే చేతిలోకి తీసుకుని ట్యూబ్‌లైట్ వైపు పట్టాడు. "అంచులు పట్టుకో, మధ్యల వేలు పెట్టకు" అన్నాను. సరిగ్గా పట్టుకున్నాడు.

"ఏది? ఆ సగం అక్షరమేది?"

కమాను కింద చూపించాను. భూతద్దం ఇచ్చాను. ఒక కన్ను మూసి, ఇంకో కన్నుతో చాలాసేపు వెతికాడు.

"ఇదా? ఈ చుక్కంత దానికేనా ఇదంత?"

"అదే."

"మరి పూర్తి అక్షరానిది ఒకటి తే. పక్కన పెట్టి చూత్త."

లేచి ఆల్బం తెచ్చాను. ఆయన రెండింటినీ అటూ ఇటూ మార్చి చూస్తుంటే, నా కళ్ళు మాత్రం ఆల్బంలో ఖాళీగా ఉన్న పక్క గడి మీద ఉన్నాయి. అందులో పెట్టాల్సిన అర్ధరూపాయి ఎక్కడ దొరుకుతుంది, పచ్చిది దొరుకుతుందా, స్లాబులో వస్తే ఎంత ఉంటుంది? ఫోన్ కోసం చెయ్యి దానంతటదే దిండు కింద వెతుకుతోంది.